ఓడిన చెస్ ఆటను ఎలా చూసుకోవాలి? ఇంజిన్, నోటుబుక్కు, ఎదుటి ఆటగాడు: ఏది మేలు?

పది ఎత్తుల్లో ఓడిపోయాను. ఒక్కొక్కరికి తొంభై నిమిషాలు, ఎత్తు ఎత్తుకీ ముప్ఫై సెకన్లు అదనంగా ఇచ్చే టోర్నమెంటు అది. మూడు గంటలు పడుతుందని వాటర్ బాటిల్, రెండు అరటిపళ్ళు తెచ్చుకుని కూర్చున్నాను. అరగంట కాకముందే స్కోర్‌షీట్ మీద సంతకం పెట్టి బయటికొచ్చాను. ఎదుటివాడికి పదేళ్ళు ఉంటాయేమో. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకి అందడం లేదు.

ఆ ఆటను ఆ తర్వాత మూడు సార్లు మళ్ళీ ఆడి చూశాను. వరండాలో ఆ పిల్లాడితోనే ఒకసారి, ఇంటికెళ్ళే బస్సులో ఫోన్‌లోని ఇంజిన్‌తో (చెస్ ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రాంతో) ఒకసారి, వారం తర్వాత ఇంట్లో చెక్క బోర్డు ముందు నోటుబుక్కు పెట్టుకుని ఒకసారి. ఆట ఒకటే అయినా మూడు చోట్లా మూడు వేరే సంగతులు తెలిశాయి. వాటిలో ఏది పనికొచ్చిందో చెప్పాలంటే ముందు ఆట చూపించాలి.

నావి నల్ల పావులు. (బోర్డు మీద నిలువు వరసలకి ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డ వరసలకి ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు. ఈ4 అంటే ఆ రెండూ కలిసే గడి.) తెలుపు ఈ4, నేను ఈ5. తెల్ల గుర్రం ఎఫ్3, నా గుర్రం సీ6. తెల్ల బిషప్ సీ4, నా రెండో గుర్రం ఎఫ్6. (బిషప్‌ని మా ఇంట్లో శకటం అనేవారు, పక్కింట్లో ఒంటె అనేవారు. గొడవెందుకని బిషప్ అంటున్నాను.) ఇక్కడిదాకా ప్రపంచంలో రోజూ లక్షల మంది ఆడే ఆటే. దీన్ని టూ నైట్స్ డిఫెన్స్ అంటారు. నాలుగో ఎత్తులో వాడు గుర్రాన్ని జీ5కి దూకించాడు. గుర్రం, బిషప్ రెండూ ఎఫ్7 బంటు మీద గురిపెట్టాయి. నేను డీ5 తోశాను. అది సరైన ఎత్తే. వాడు ఈ4 బంటుతో డీ5లో కొట్టాడు, నేను గుర్రంతో తిరిగి కొట్టాను. వాడు గుర్రాన్ని ఎఫ్7లో పడేశాడు. ఆ గుర్రం నా మంత్రి మీదా ఏనుగు మీదా ఒకేసారి కూర్చుంది కాబట్టి రాజుతో కొట్టాను. ఏడో ఎత్తు, మంత్రి ఎఫ్3, చెక్. నేను రాజును జీ8కి లాక్కున్నాను. బిషప్ డీ5లో నా గుర్రాన్ని కొట్టి చెక్, మంత్రితో కొట్టాను. మంత్రితో మంత్రిని కొట్టి చెక్, బిషప్‌ని ఈ6లో అడ్డం పెట్టాను. మంత్రి దాన్నీ కొట్టింది. ఆట కట్టు.

ఈ దాడి పేరు ఫ్రైడ్ లివర్, అంటే మన కార్జం వేపుడు. ఇటాలియన్‌లో ఫెగాతెల్లో అంటారు. పదహారో శతాబ్దం చివర్లో, పదిహేడో శతాబ్దం మొదట్లో ఉన్న ఇటలీ ఆటగాడు పోలేరియో పేరు మీద దీని పాత ఆట ఒకటి మిగిలింది. అంటే నాలుగు వందల ఏళ్ళ పాత ఉచ్చులో పడ్డానన్నమాట. జర్మన్ మాస్టర్ సీగ్‌బెర్ట్ టారష్ నాలుగో ఎత్తులో గుర్రాన్ని జీ5కి దూకించడాన్ని చేతగానివాడి ఎత్తు అని తీసిపారేశాడు. చేతగానివాళ్ళ మీద అది బాగానే పనిచేస్తుంది.

వరండాలో, ఎదుటివాడితో

ఆడే హాల్లో మాట్లాడకూడదు. బయట వరండాలో ప్లాస్టిక్ పావులు పెట్టుకుని కూర్చున్నాం. వాడు సిగ్గుపడుతూనే ఎత్తులన్నీ చకచకా పెట్టేశాడు. ఏడో ఎత్తు దగ్గర ఆగి అడిగాడు: "అటెందుకు వెళ్ళారంకుల్? ఈ6కి వస్తారేమో అని భయపడ్డాను."

"రాజు మూలకి వెళ్తే భద్రం కదా నాన్నా" అన్నాను.

అనేశాక ఆ మాట నాకే వింతగా వినిపించింది. మూలలో ఏముంది? పక్కన ఎఫ్8లో సొంత బిషప్, ఇటు హెచ్8లో సొంత ఏనుగు, ముందు సొంత బంట్లు. దాన్ని కోట అనుకుని దూరాను, తీరా అది తలుపు లేని గది. పైగా సీ4 నుంచి జీ8 దాకా ఒకటే వాలుగీత. బిషప్ చూపు నుంచి రాజు తప్పుకోనే లేదు. మధ్యలో నా గుర్రం అడ్డంగా ఉందంతే. అది పోగానే చెక్.

"మరి ఈ6కి వచ్చుంటే ఏం ఆడేవాడివి?" అని అడిగాను. వాడు కాసేపు బోర్డు చూసి, "తెలీదంకుల్. మా సార్ ఇక్కడిదాకే చెప్పారు" అన్నాడు.

ఈ ముక్క ఏ ఇంజిన్ చెబుతుంది? రాజును మైదానం మధ్యలోకి, ఈ6కి నడిపించి గుర్రాన్ని కాపాడుకోవడమే అక్కడ నిలబడే దారి. అప్పుడు తెలుపు రెండో గుర్రాన్ని సీ3కి తెచ్చి డీ5 మీద ఇంకా బరువు పెంచాలి. నలుపు సీ6 గుర్రాన్ని బీ4కో ఈ7కో తీసుకెళ్ళి కాపు కాయాలి. తెలుపుదే పైచేయి, అది నిజమే. కానీ ఆ పైచేయిని నిలబెట్టుకోవాల్సింది నా ఎదురుగా ఉన్న పదేళ్ళవాడు. వాడికి ఆ తర్వాత దారి తెలీదు. నాకు తెలిసిందేమిటంటే, నేను భయపడిన చోటే వాడూ భయపడ్డాడు.

అలాగని ఎదుటివాడితో కూర్చుని తిప్పుకోవడమే గొప్పదని అనను. అదే వరండాలో ఇద్దరం కలిసి ఒక అద్భుతం కూడా కనిపెట్టాం. ఆరో ఎత్తులో ఎఫ్7 గుర్రాన్ని కొట్టకుండా, నా మంత్రిని హెచ్4కి పంపితే? అక్కడి నుంచి ఎఫ్2 మీదా, అడ్డగీతలో సీ4 బిషప్ మీదా ఒకేసారి కన్ను పడుతుంది. "ఇది ఆడుంటే మీరే గెలిచేవాళ్ళంకుల్" అన్నాడు వాడు. నేనూ నమ్మేశాను. ఓడినవాడికి అంతకన్నా తీపి మాట ఏముంటుంది? అరటిపండు ఒకటి వాడికిచ్చి బస్టాండుకి బయల్దేరాను.

బస్సులో, ఇంజిన్‌తో

స్కోర్‌షీట్ చూస్తూ పది ఎత్తులూ లిచెస్ అనే చెస్ యాప్‌లో ఎక్కించాను. అందులో ఉండే ఇంజిన్ స్టాక్‌ఫిష్. రెండూ ఉచితమే. నిమిషంలోపే తీర్పు వచ్చింది. ఐదో ఎత్తులో గుర్రంతో తిరిగి కొట్టడం పొరపాటు. ఏడో ఎత్తులో రాజు జీ8 ఘోరమైన తప్పు, అక్కడి నుంచి మూడు ఎత్తుల్లో కట్టు. వరండాలో కనిపెట్టిన అద్భుతాన్ని కూడా పెట్టి చూశాను. మంత్రి హెచ్4 అనగానే ఇంజిన్ తాపీగా బిషప్‌తో డీ5 గుర్రాన్ని కొట్టమంది. అంతే. బిషప్ అక్కడి నుంచి లేచిపోయింది కాబట్టి నా మంత్రికి సీ4లో కొట్టేది లేదు, ఎఫ్2ని రాజు కాస్తున్నాడు, నా గుర్రం పోయింది, హెచ్8 ఏనుగు ఇంకా తెల్ల గుర్రం నోట్లోనే ఉంది.

ఇంజిన్ బలం ఇదే. ఇద్దరు గుడ్డివాళ్ళు చేయీ చేయీ పట్టుకుని మురిసిపోతుంటే ఎదురుగా గొయ్యి ఉందని చెబుతుంది. మొహమాటం లేదు, అలసట లేదు, ఓడినవాణ్ణి ఓదార్చాలన్న జాలి అసలే లేదు. ఎత్తుల లెక్కలో దాంతో వాదించి మనం గెలిచేది ఏమీ ఉండదు. 1997లో ఐబీఎం కంప్యూటరు డీప్ బ్లూ అప్పటి ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ని ఓడించింది బీరువాలంత యంత్రంతో. ఇప్పుడు మన చేతిలో ఫోన్ అంతకన్నా బాగా ఆడుతుంది.

మరి ఇబ్బంది ఎక్కడ? మొదటిది, ఎవరిది పైచేయో చెప్పడానికి ఇంజిన్ ఇచ్చే అంకెలు. ప్లస్ ఒకటి అంటే ఒక బంటు ఆధిక్యం అని పాతకాలం నుంచి మన తలలో ఉండిపోయింది. స్టాక్‌ఫిష్ 15.1 నుంచి లెక్క మారింది. ప్లస్ ఒకటి అంటే తనలాంటి ఇంజిన్లు రెండు ఆడుకుంటే ఆ పక్షం గెలిచే అవకాశం సగం అని అర్థం. ఇంజిన్లు ఆడుకుంటే అని మళ్ళీ చెబుతున్నాను. మన ఆటల్లో ప్లస్ మూడు ఉన్నవాడు కాఫీ చల్లారేలోపు ఓడిపోతాడు. కొన్ని సైట్లు ఆట అయిపోగానే అద్భుతం, మంచిది, పొరపాటు, ఘోరం అని రంగురంగుల బిళ్ళలు అతికించి చివర్లో శాతం మార్కులేస్తాయి. ఎనభై రెండు వచ్చిందని సంతోషించడం, అరవై వచ్చిందని కుంగిపోవడం తప్ప ఆ మార్కులతో ఏం చేయాలో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

రెండో ఇబ్బంది పెద్దది. ఇంజిన్ ఏడో ఎత్తు తప్పు అంది. ఆ తప్పు ఎందుకు చేశానో దానికి తెలీదు, తెలిసే వీలూ లేదు. "మూలకి వెళ్తే భద్రం" అన్న నా మూఢనమ్మకం బోర్డు మీద కనిపించేది కాదు. అది బయటపడింది వరండాలో, ఒక పిల్లాడు అడిగాడు కాబట్టి.

2024 డిసెంబరులో సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయిన పద్నాలుగో గేమ్ గుర్తుందా? అప్పటి చాంపియన్, చైనా ఆటగాడు డింగ్ లిరెన్ యాభై ఐదో ఎత్తులో ఏనుగును ఎఫ్2కి తెచ్చాడు. ఇళ్ళల్లో చూస్తున్న మనందరికీ తెర పక్కన ఇంజిన్ అంచనా చూపించే బార్ ఒక్కసారిగా పడిపోయింది, కేకలేశాం. బోర్డు ముందున్న గుకేశ్‌కి బార్ లేదు. కాసేపయ్యాక ఆయన ముఖం మారింది. ఏనుగులు మార్చుకున్నాక బిషప్‌ని డీ5కి తెచ్చి, బిషప్‌లూ మార్చుకుని, బంట్ల ఎండ్‌గేమ్ గెలిచాడు. ఆ బార్ మూసేసి ఉంటే మనలో ఎంతమందికి ఆ తప్పు కనిపించేది? నాకైతే కనిపించేది కాదు. అయినా ఆ రాత్రి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో నాలుగు పేరాల విశ్లేషణ రాశాను.

ఆ గుకేశ్‌కే మొదట్లో శిక్షణ ఇచ్చిన కోచ్ విష్ణు ప్రసన్న, పిల్లాడు గ్రాండ్‌మాస్టర్ స్థాయికి చేరేదాకా ఇంజిన్ ముట్టనివ్వలేదన్నది బాగా ప్రచారమైన సంగతే. చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన ఆ అబ్బాయి 2019 జనవరిలో, పన్నెండేళ్ళ వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. ఆయన చేశాడు కాబట్టి మనమూ చేయాలని కాదు. ఆయన పక్కన రోజంతా ప్రశ్నలడిగే కోచ్ ఉన్నాడు, మన పక్కన లేడు. ఆ లోటును ఇంజిన్ తీరుస్తుందని మనం అనుకుంటాం. కానీ ఇంజిన్ ప్రశ్నలు అడగదు, జవాబులు మాత్రమే ఇస్తుంది.

ఇంట్లో, నోటుబుక్కుతో

వారం తర్వాత ఆదివారం మధ్యాహ్నం చెక్క బోర్డు తీసి, కొత్త నోటుబుక్కు తెరిచి, ఎత్తు పక్కన ఎత్తు రాస్తూ అప్పుడు నేనేం అనుకున్నానో రాయాలని కూర్చున్నాను. సోవియట్ చాంపియన్ బోత్వినిక్ తన ఆటలకు తానే వ్యాఖ్య రాసుకోవాలని, దాన్ని అచ్చులో పెట్టి నలుగురితో తప్పులు పట్టించుకోవాలని పదేపదే చెప్పేవాడు. అచ్చు మాట దేవుడెరుగు, కనీసం రాద్దాం అనుకున్నాను.

ఏమీ రాలేదు. ఐదో ఎత్తు పక్కన "ఇది పొరపాటు, గుర్రం ఏ5కి వెళ్ళాల్సింది" అని రాశాను. అది నా ఆలోచన కాదు, బస్సులో ఇంజిన్ చెప్పింది. అప్పుడు నేనేం అనుకున్నానన్నది నిజంగానే గుర్తు లేదు. ఇంజిన్ జవాబు వచ్చి, నా ఆలోచన ఉన్న చోట కూర్చుంది. మూడు పద్ధతుల్లో ఏది మేలు అన్న ప్రశ్నకు నాకు దొరికిన మొదటి జవాబు ఇదే. వాటిని ఏ వరసలో చేస్తామన్నదే అసలు లెక్క. నోటుబుక్కు తర్వాత ఇంజిన్ చూస్తే రెండూ పనిచేస్తాయి. ఇంజిన్ తర్వాత నోటుబుక్కు తెరిస్తే అది ఎక్కాలు చూసి రాసినట్టే.

ఆ తర్వాతి ఆటలకు వరస మార్చాను. ఆడిన రాత్రే, ఆలస్యమైతే మర్నాడు పొద్దున్నే బోర్డు మీద మెల్లగా పావులు కదుపుతాను. ఎడమ వైపు ఎత్తు, కుడి వైపు ఆ సమయంలో అనుకున్నది. అబద్ధాలు రాయకూడదు. "ఏమీ అనుకోలేదు" అన్నది కూడా జవాబే. ఎక్కడ ఎక్కువసేపు ఆలోచించానో, ఎక్కడ అస్సలు ఆలోచించలేదో గుర్తు పెడతాను. స్కోర్‌షీట్ మీద అప్పుడప్పుడు మిగిలిన నిమిషాలు కూడా రాసుకునే అలవాటు ఇందుకు బాగా పనికొచ్చింది. ర్యాపిడ్, బ్లిట్జ్ లాంటి తక్కువ టైము ఆటల్లో ఎత్తులు రాయాల్సిన పని లేదు కాబట్టి అవి జ్ఞాపకం మీదే తిప్పుకోవాలి. మొదట్లో పన్నెండు ఎత్తులు దాటేది కాదు. ఎక్కడ మరిచిపోతున్నానో చూస్తే, అక్కడే ఆటలో కూడా నా దగ్గర ఏ ఆలోచనా లేదని తేలేది.

ఇలా తొమ్మిది ఆటలు రాశాక ఒక సాయంత్రం అన్నీ కలిపి చదివాను. ఐదు ఆటల్లో, ఆట తిరగబడిన చోట కుడివైపు ఒకటే వాక్యం: "అతను కొట్టాడు, నేనూ కొట్టాను." చేతికి ఎదురుగా పావు కనిపిస్తే తిరిగి కొట్టేయడం, దానికి ముందు ఒక్క క్షణం కూడా ఆగకపోవడం. కార్జం వేపుడు ఆటలో ఐదో ఎత్తు కూడా సరిగ్గా అదే. ఇంజిన్ ఆ తొమ్మిది ఆటల్లోనూ తప్పులు చూపించింది. ఒక దాంట్లో ఏనుగు, ఒక దాంట్లో బంటు, ఇంకో దాంట్లో కట్టు. దాని కళ్ళకి అవి వేర్వేరు తప్పులు. నోటుబుక్కులో అవి ఒకే తప్పు.

దీనికీ ఖరీదుంది. నలభై ఎత్తుల ఆటకి గంటన్నర పడుతుంది. ఉద్యోగం, పిల్లల హోంవర్కు, వంటింట్లో గ్యాస్ అయిపోవడం మధ్య వారానికి ఒక ఆట రాయడమే గగనం. రోజుకి ఇరవై బ్లిట్జ్ ఆటలు ఆడేవాడికి ఈ పద్ధతి చెప్పడం అన్యాయం. బ్లిట్జ్‌కి ఇంజిన్ చాలు. ఓడిన ప్రతి ఆటలో ఒక్క పెద్ద తప్పు చూసి ముందుకు పోవచ్చు. లిచెస్‌లో మన తప్పుల దగ్గరే ఆపి, సరైన ఎత్తు మనల్నే కనుక్కోమనే సౌకర్యం ఉంది. బస్సు ప్రయాణానికి దాన్ని మించింది లేదు.

కోచ్ సంగతి రెండు మాటల్లో. కోనేరు హంపికి తండ్రి అశోక్ గారే గురువయ్యారు, పదిహేనేళ్ళకే ఆమె గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. అలాంటి మనిషి ఇంట్లో ఉంటే ఈ వ్యాసం చదవనక్కర్లేదు. డబ్బులిచ్చి పెట్టుకునేవాళ్ళు మాత్రం కోచ్‌కి స్కోర్‌షీట్ ఒక్కటే కాదు, నోటుబుక్కు కూడా పంపండి. ఎత్తుల్లో తప్పులు పట్టడానికి ఇంజిన్ ఉండనే ఉంది. మనిషికి ఫీజు ఇచ్చేది మనం ఎలా ఆలోచించామో చూడటానికి.

ఇక ఓపెనింగ్: ఏది పట్టుకోవాలి, ఏది వదలాలి?

ఓపెనింగ్‌లో, అంటే ఆట మొదటి ఎత్తుల వరసలో, ఓడగానే అందరం చేసే పని ఒకటుంది. ఆ ఓపెనింగ్‌నే వదిలేస్తాం. నేనూ ఆ రాత్రే కారో-కాన్ అనే ఇంకో ఓపెనింగ్ వీడియోలు చూడటం మొదలెట్టాను. నా ఆట మారకుండా ఓపెనింగ్ ఒక్కటే మారిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అక్కడా ఎవరో కొడతారు, నేనూ కొడతాను.

కాబట్టి టూ నైట్స్‌లోనే ఉన్న దారులు తూచి చూశాను. ఐదో ఎత్తులో డీ5 బంటును కొట్టకుండా సీ6 గుర్రాన్ని ఏ5కి పంపి బిషప్‌ని బెదిరించడం మొదటి దారి. మాస్టర్లు ఎక్కువగా ఆడేది ఇదే. బిషప్ బీ5కి వచ్చి చెక్ ఇస్తుంది, నలుపు సీ6 తోస్తుంది, బంట్లు కొట్టుకుంటాయి, బిషప్ వెనక్కి పోతుంది, నలుపు హెచ్6 తోసి గుర్రాన్ని తరుముతుంది, ఆ వెంటనే ఈ4. ఒక బంటు పోతుంది, దానికి బదులు పావులు గబగబా బయటికొస్తాయి. 1890–91లో తొలి ప్రపంచ చాంపియన్ స్టైనిట్జ్, రష్యా ఆటగాడు చిగోరిన్ టెలిగ్రాఫ్ తంతి మీద ఆడుకున్న పోటీలో కూడా ఈ గొడవే. తరిమిన గుర్రాన్ని స్టైనిట్జ్ ఎఫ్3కి కాకుండా బోర్డు అంచున హెచ్3కి పంపాడు. చూడ్డానికి వికారంగా ఉండే ఆ ఎత్తును డెబ్భై ఏళ్ళ తర్వాత అమెరికా ఆటగాడు ఫిషర్ మళ్ళీ బయటికి తీశాడు. ఇలాంటి పాత ఆటలు నాలుగు బోర్డు మీద ఆడి చూస్తే, పది ఎత్తులు బట్టీ పట్టిన దానికన్నా ఎక్కువ ఒంటబట్టాయి నాకు.

రెండో దారి ట్రాక్స్‌లర్. నాలుగో ఎత్తులో ఎఫ్7ని కాపాడుకోకుండా బిషప్‌ని సీ5కి తెచ్చి, నువ్వు నా ఎఫ్7 కొడితే నేను నీ ఎఫ్2 కొడతాను అనడం. చెక్ దేశంలో మతగురువుగా ఉన్న కరెల్ ట్రాక్స్‌లర్ 1890లో ఆడిన ఆట నుంచి ఆ పేరు వచ్చింది. ఆన్‌లైన్ బ్లిట్జ్‌లో దీనంత సరదా ఇంకోటి లేదు. పెద్ద ఆటలో మాత్రం తెలుపు గుర్రంతో కాకుండా బిషప్‌తో ఎఫ్7 కొట్టి, చెక్ ఇచ్చి, హాయిగా వెనక్కి పోయే దారి తెలిసినవాడు దొరికితే బంటు పోయిందని ఏడవడమే మిగులుతుంది.

మూడోది అన్నిటికన్నా సాదాది. మూడో ఎత్తులో గుర్రాన్ని ఎఫ్6కి తీయకుండా బిషప్‌ని సీ5కి తీయడం. అప్పుడు డీ8లోని నా మంత్రికి జీ5 దాకా దారి తెరిచే ఉంటుంది. తెల్ల గుర్రం వెంటనే జీ5కి దూకితే మంత్రి దాన్ని ఊరికే తినేస్తుంది. ఉచ్చు మొదలవకముందే ఆగిపోతుంది. వారానికి గంట కన్నా ఎక్కువ కేటాయించలేనివాళ్ళకి నేను చెప్పేది ఇదే. గుర్రాన్ని ఏ5కి పంపే దారి సిద్ధాంతం ప్రకారం ఎంత బలమైనదైనా, బంటు వదిలేసి ఓపిగ్గా ఆడే గుండె, నేర్చుకునే టైము రెండూ కావాలి. బడికెళ్ళే పిల్లలకి ఆ రెండూ ఉంటాయి. వాళ్ళు అదే నేర్చుకోవాలి.

ఈ దారుల్లో ఏది ఎంచుకోవాలో చెప్పమని లిచెస్‌లో పాత ఆటల లెక్కలు చూపించే ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్‌ని అడిగితే తికమకే. అందులో రెండు గిడ్డంగులున్నాయి. ఒకటి 2200 పైన రేటింగ్ ఉన్నవాళ్ళు ఎదురెదురుగా ఆడిన ఆటలది, రెండోది సైట్‌లో మనలాంటివాళ్ళు ఆడినవాటిది. మొదటిదాన్ని అడిగితే గుర్రం ఏ5 అంటుంది. రెండోదాన్ని తక్కువ రేటింగ్‌కి కుదించి అడిగితే నేను చేసిన తప్పునే బోలెడంత మంది చేసినట్టు చూపిస్తుంది. గెలుపు శాతాలు చూసి ఎత్తు ఎంచుకోవడం హోటల్ ముందు చెప్పులు లెక్కపెట్టి లోపలికి వెళ్ళడం లాంటిది. ఎక్కువ మంది తింటున్నారన్నది నిజమే, మన ఒంటికి పడుతుందా లేదా అన్నది వేరే సంగతి. అయితే ఎక్స్‌ప్లోరర్ ఒక పనికి బాగుంటుంది. మన ఆట మాస్టర్ల దారి నుంచి ఏ ఎత్తులో విడిపోయిందో చూపిస్తుంది. అక్కడ ఆగి, విడిపోయింది నేనా అతనా అని చూసుకుంటే చాలు.

ఇప్పుడు నేను పెద్ద ఆటల్లో గుర్రం ఏ5, ఫోన్‌లో ఆడే ఐదు నిమిషాల ఆటల్లో బిషప్ సీ5 ఆడుతున్నాను. ఆట అయ్యాక వీలైతే ఎదుటివాడితో పది నిమిషాలు. అతను ఏం ఆడాడో తెలుసు కాబట్టి, ఏం చూసి భయపడ్డాడన్న ఒక్క ప్రశ్నే అడుగుతాను. రాత్రి నోటుబుక్కు. ఇంజిన్ మర్నాడు, అది కూడా దాని మంచి ఎత్తు చూడటానికి కాదు. నేను ఆడాలనుకుని మానేసిన ఎత్తును పెట్టి, దాన్ని ఎలా చంపుతుందో చూడటానికి.

మొన్న ఇంకో టోర్నమెంటులో మళ్ళీ అదే గుర్రం జీ5 వచ్చింది. గుర్రాన్ని ఏ5కి పంపాను. బిషప్ చెక్ ఇస్తుందని పది ఎత్తుల దాకా సిద్ధంగా కూర్చుంటే, ఎదుటాయన చెక్ ఇవ్వకుండా డీ3 తోశారు. అది పాత ఎత్తే, నేనే చూసుకోలేదు. బట్టీ పట్టింది అక్కడితో అయిపోయింది. ఇరవై రెండు నిమిషాలు ఆలోచించి హెచ్6 తోశాను, గుర్రం ఎఫ్3కి పోయింది, ఈ4 తోశాను. నోటుబుక్కులో దాని పక్కన ఉంది: "గుర్రాన్ని ముందు తరమాలి, అప్పుడే ఈ బంటుకి పని దొరుకుతుంది. పాత ఆటల్లో అదే చేశారు." మర్నాడు ఇంజిన్ అక్కడ తప్పు గుర్తుగా ఏ ప్రశ్నార్థకమూ పెట్టలేదు. ముప్పై ఒకటో ఎత్తు దగ్గర రెండు పెట్టింది. ఏనుగులు మార్చుకుని, గెలిచే ఆటను డ్రా చేసుకున్న చోటు. నోటుబుక్కు తిప్పి చూశాను. కుడివైపు నా చేతిరాతే: "అతను కొట్టాడు, నేనూ కొట్టాను."